అజ్ఞాత జీత సమాచారం

ఉద్యోగులు పేరు బయటపెట్టకుండా తమ జీతభత్యాల వివరాలను ఇంటర్నెట్‌లో ఒకరికొకరు తెలుపుకొనే పద్ధతి. అమెరికాలో 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రైవేటు రంగంలో చాలామందికి జీతాల గురించి మాట్లాడుకునే హక్కునిచ్చింది. అయినా యాజమాన్యం కన్నెర్రజేస్తుందన్న భయం పోలేదు. పేరు దాచడం ఆ భయానికి విరుగుడు. 2008లో మొదలైన గ్లాస్‌డోర్ అనే వెబ్‌సైటు హోదా, ఊరు వారీగా జీతాలు చూపుతుంది. దక్షిణ కొరియాలో పుట్టిన బ్లైండ్ అనే యాప్ ఆఫీసు ఈమెయిల్‌తో ఉద్యోగాన్ని నిర్ధారించుకుని మారుపేరుతో రాయనిస్తుంది. జీతం గురించి గొప్పలు కోయడానికి ఈ నిర్ధారణ కొంత అడ్డుకట్ట. జీతం బేరమాడే వేళ కంపెనీ దగ్గర అందరి లెక్కలూ ఉంటాయి, అభ్యర్థికి తన పాత జీతమే తెలుసు. ఈ అన్యాయమైన తేడాను తగ్గించడంలోనే అజ్ఞాత జీత సమాచారం అసలు విలువ ఉంది. అయితే చిన్న బృందంలో హోదా, చేరిన ఏడాది కలిపి రాస్తే పేరు లేకున్నా మనిషెవరో తెలిసిపోతుంది.