కప్ప కన్ను, కాటూరు కుర్రాడు, మా అమ్మ ప్రశ్న

2018 ఆగస్టు. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి నెల కూడా కాలేదు. సరిగ్గా అప్పుడే మా ఫ్రిస్కో రోడ్ల మీదికి డ్రైవ్ ఏఐ అనే కంపెనీ నారింజ రంగు వ్యాన్లను దింపింది. హాల్ పార్క్ ఆఫీసుల నుంచి ‘ది స్టార్’ దాకా వాటంతటవే నడిచే వ్యాన్లు! జాగ్రత్త కోసం సీట్లో ఒక మనిషి కూర్చునేవాడు కానీ, బండి నడిపేది కంప్యూటరే. ఈ వింత చూపిద్దామని ఒక సాయంత్రం అమ్మను వెంటబెట్టుకు వెళ్ళాను. వ్యాను దగ్గరికి వస్తుంటే అమ్మ రోడ్డు అంచున కదలకుండా నిలబడిపోయింది. మన ఊళ్ళో లారీ వస్తుంటే నిలబడతామే, అలా.

“దీనికి కళ్ళెక్కడున్నాయిరా?” అంది. పైనున్న కెమెరాలు చూపించాను.

“అయితే నన్ను చూసిందంటావా?”

“చూసే ఉంటుందిలేమ్మా” అన్నాను. నిజానికి నాకు తెలియదు. నేను రాసేది ఇన్సూరెన్సు క్లెయిముల సాఫ్ట్‌వేరు. అమ్మ దృష్టిలో మాత్రం కంప్యూటరు ఇంజనీరంటే అన్నీ తెలిసినవాడే. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి జవాబు వెతుకుతూ చదువుకున్న చరిత్రను ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

ఈ కథ కప్పతో మొదలవుతుంది. 1959లో లెట్విన్, మాటురానా, మెకల్లక్, పిట్స్ అనే నలుగురు శాస్త్రవేత్తలు ఎం.ఐ.టి.లో కప్ప కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరాన్ని పరీక్షించారు. కన్ను కెమెరాలాంటిదనీ, అది పంపిన బొమ్మను మెదడు చూసుకుంటుందనీ మనం అనుకుంటాం. కానీ కప్ప కన్ను బొమ్మను ఉన్నదున్నట్టు పంపడం లేదు. ముందే ఏరి పంపుతోంది. కదిలే చిన్న నల్లటి చుక్కకు, అంటే ఈగకు, స్పందించే నరపు పోగులు వేరు. మీద పడే పెద్ద నీడకు స్పందించేవి వేరు. అందుకే చుట్టూ చచ్చిన ఈగలు గుట్టలుగా పడి ఉన్నా కప్ప ఆకలితో చస్తుంది తప్ప తినదు. కదలనిది దానికి తిండి కాదు. ఇది చదవగానే రోడ్డు అంచున కదలకుండా నిలబడిన అమ్మ గుర్తొచ్చి గుండె ఝల్లుమంది.

ఆ సంవత్సరమే హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు పిల్లి మెదడు మీద పరిశోధన ప్రచురించారు. ఒక్కొక్క కణం ఒక్కొక్క వాలులో ఉన్న గీతకు స్పందిస్తుందని తేల్చారు. ఈ కృషికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని జపాన్‌లో ఫుకుషిమా 1980లో ‘నియోకాగ్నిట్రాన్’ అనే నమూనా తయారుచేశాడు. ఈ రోజు ఫోటోలో మొహాలు గుర్తుపట్టే ప్రోగ్రాముల వంశవృక్షం తీస్తే పై కొమ్మల్లో ఆ పిల్లి ఉంటుంది! బెంగళూరులో చదువుకుని ఆస్ట్రేలియాలో స్థిరపడిన మాండ్యం శ్రీనివాసన్ తేనెటీగల దారి పట్టారు. ఇరుకు దారిలో ఎగిరే తేనెటీగ రెండు వైపులా గోడలు ఎంత వేగంగా వెనక్కి పోతున్నాయో పోల్చుకుని మధ్యన ఎగురుతుందని చూపించారు. అదే కిటుకును రోబోలకూ నేర్పారు.

ఇక మన వంతు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో ఒక రైతు ఇంట్లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డిగారు, అంటే ప్రపంచానికి తెలిసిన రాజ్ రెడ్డి, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివారు. గిండీలో ఇంజనీరింగు, 1966లో స్టాన్‌ఫోర్డ్‌లో డాక్టరేటు. ఆయనకు పేరు తెచ్చింది మాటను గుర్తించే కంప్యూటర్లే అయినా, 1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. దానంతటది నడిచే బండి కోసం అక్కడ మొదలైనదే ‘నావ్‌ల్యాబ్’. 1989 నాటికి పామర్లో అక్కడ తయారుచేసిన ఆల్విన్ అనే ప్రోగ్రాము రోడ్డును 30 వరసలు, 32 నిలువుల చుక్కల్లో చూసేది. ఆ చిన్న చట్రాన్ని వాళ్ళు పిలిచిన పేరు ‘రెటీనా’! 1995లో నావ్‌ల్యాబ్ కారు పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియేగో దాకా వెళ్ళింది. దారిలో నూటికి 98 వంతులు స్టీరింగు తిప్పింది కంప్యూటరే.

మరి అమ్మ ప్రశ్నకు జవాబు? అది ఒక విషాదంలో దొరికింది. మా ఊళ్ళోకి వ్యాన్లు రావడానికి నాలుగు నెలల ముందు, 2018 మార్చిలో, అరిజోనాలోని టెంపీలో వేరే కంపెనీవాళ్ళు పరీక్షిస్తున్న కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని ఢీకొంది. ఆమె చనిపోయింది. ఆమె ఆ యంత్రానికి కనబడకపోలేదు. 5 సెకన్లకు ముందే కనబడింది. కాసేపు బండి అనుకుంది, కాసేపు సైకిలు అనుకుంది. దాటకూడని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే ఆ ప్రోగ్రాములో లేదని దర్యాప్తులో తేలింది.

నాకర్థమైంది ఇదీ. కప్ప కన్నును కోట్ల సంవత్సరాల ఆకలి, భయం తయారుచేశాయి. రోబో కన్నును తయారుచేసేది మనం. మన ఊహలో లేని మనిషి దాని చూపులోనూ ఉండదు.

ఫ్రిస్కోలో ఆ వ్యాన్లు 2019 మార్చితో ఆగిపోయాయి. జూన్‌లో ఆ కంపెనీని యాపిల్ కొనేసింది. కానీ ఇలాంటి బండ్లు ఆగవు. వాటికి ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఈ మహాసభలకు వచ్చిన మన పిల్లలూ ఉంటారు. రాజ్ రెడ్డిగారి పేరు చెప్పుకుని చప్పట్లు కొట్టడం ఒక్కటే చాలదు. తెనాలి బజారులో రోడ్డు ఎక్కడ పడితే అక్కడ దాటే జనం మధ్య పెరిగిన మనకు, మనుషులు ఎక్కడి నుంచైనా రావచ్చని ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ సంగతి మన పిల్లలకు చెబుదాం. వాళ్ళు రాసే ప్రోగ్రాములో రోడ్డు అంచున కదలకుండా నిలబడ్డ ఒక అమ్మమ్మ కూడా ఉండాలి.