అసల్ జబాన్‌లో చదవడమంటే

మన ఇళ్లలో ఎవరైనా కాస్త గొప్పలకు పోతే "పెద్ద అఫ్లాతూన్ బయల్దేరాడు" అంటాం. ఆ అఫ్లాతూన్ గ్రీకు ఫిలాసఫర్ ప్లేటో అని చాలామందికి తట్టదు. అరస్తూ అంటే అరిస్టాటిల్, బుఖ్రాత్ అంటే హిపోక్రటీస్, జాలీనూస్ అంటే గాలెన్. చార్మినార్ దగ్గర నిజామియా దవాఖానాలో హకీమ్ సాబ్ చేసే ఇలాజ్‌ని యునానీ అంటాం. యునాన్ అంటే గ్రీసు దేశమే. ఇన్ని పేర్లు మన నాలుక మీద ఆడుతున్నాయంటే ఒకప్పుడు ఎవరో కష్టపడి ఆ జబాన్ నేర్చుకుని, ఆ కితాబులు విప్పి చదివారన్నమాట.

"తర్జుమాలు దొరుకుతుంటే అసల్ జబాన్ ఎందుకు?" గ్రీకు సాహిత్యాన్ని యూనివర్సిటీలో గ్రీకులోనే చదువుతాననే పిల్లలకు ఈ సవాల్ తప్పదు. మన తారీఖ్‌లో దీనికి జవాబు చెప్పిన మనుషులున్నారు. జవాబు తెలియక నష్టపోయినవాళ్లూ ఉన్నారు.

మొదట హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్. తొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇరాక్‌లోని హీరాలో పుట్టిన ఈసాయీ. హిక్మత్ నేర్చుకోవడానికి బగ్దాద్‌లో యూహన్నా ఇబ్న్ మాసవైహ్ దగ్గర చేరాడు. సవాళ్లు మరీ ఎక్కువ వేసేవాడట. ఉస్తాద్‌కు విసుగొచ్చి, హీరావాళ్లకు ఈ విద్య ఎందుకు, బజార్లో నాణేలు మార్చుకుని బతకమని ఎత్తిపొడిచి వెళ్లగొట్టాడు. హునైన్ ఏడ్చుకుంటూ వెళ్లి కొన్నేళ్లు ఎవరికీ కనిపించలేదు. తిరిగి కనిపించినప్పుడు అతని జుట్టు రూమీవాళ్లలా పొడవుగా పెరిగి ఉంది. నడుస్తూ గ్రీకులో హోమర్ షాయరీ చదువుకుంటున్నాడట. ఇబ్న్ అబీ ఉసైబియా రాసిన హకీముల చరిత్రలో ఉన్న ఈ కిస్సాలో ఎంత అతిశయోక్తి ఉన్నా, అతని పనిని చూస్తే నమ్మబుద్ధవుతుంది.

ఎందుకంటే తన పని ఎలా చేశాడో హునైన్ స్వయంగా ఒక రిసాలాలో రాసిపెట్టాడు. జాలీనూస్ కితాబులు 129 గురించి, ఏది ఎవరు తర్జుమా చేశారో, ఎంత బాగా చేశారో అందులో ఉంది. ఒక కితాబ్‌ని ఇరవై ఏళ్ల వయసులో తప్పులతడకగా ఉన్న ఒకే ఒక గ్రీకు ప్రతి నుంచి తర్జుమా చేశాడు. నలభై ఏళ్లకు చేరేసరికి అతని దగ్గర అదే కితాబ్ ప్రతులు చాలా పోగయ్యాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చి, ముందు గ్రీకు ప్రతిని సరిచేసుకుని, తర్వాత తన పాత తర్జుమాను సవరించాడు. ఇప్పటి యూనివర్సిటీల్లో ప్రాచీన గ్రంథాల ప్రొఫెసర్లు చేసేది ఇదే. జాలీనూస్ రాసిన మరో కితాబ్ కోసం జజీరా, షామ్, ఫలస్తీన్, మిస్ర్ అంతా గాలించి ఇస్కందరియా దాకా వెళ్లాడు. చివరికి దమిష్క్‌లో దొరికింది, అదీ దాదాపు సగమే.

హునైన్ తర్వాతి తరాల్లో ఈ పట్టు సడలింది. పదో శతాబ్దంలో బగ్దాద్‌లో మత్తా ఇబ్న్ యూనుస్ మంతిఖ్‌లో పెద్ద ఉస్తాద్. కానీ ఆయనకు గ్రీకు రాదు. సురియానీ భాషలోకి వచ్చినవాటిని అరబీలోకి మార్చేవాడు. ఒకరోజు వజీర్ మజ్లిస్‌లో, నహ్వ్ పండితుడు అబూ సయీద్ అల్-సీరాఫీ ఆయన్ని అక్కడే పట్టుకున్నాడు. యునాన్ ఇల్మ్‌ని మెచ్చుకోమంటున్నావు, ఆ జబాన్ నీకే రాదు, పైగా అది రెండు భాషలు దాటి నీ దగ్గరికొచ్చింది, దారిలో అర్థం చెడలేదని ఎలా చెప్పగలవన్నాడు. ఆ బహస్‌లో సీరాఫీ మంతిఖ్‌కి పూర్తి ఇన్సాఫ్ చేశాడని నేననుకోను. కానీ ఈ ఒక్క సవాల్‌కి మత్తా దగ్గర గట్టి జవాబ్ లేదు.

దాని నష్టం ఎంతో షాయరీ మీద అరస్తూ రాసిన కితాబ్‌లో తేలింది. అందులో అసలు చర్చ ట్రాజెడీ గురించి, అంటే స్టేజీ మీద ఆడే విషాద నాటకం గురించి. మత్తాకు నాటకమంటే ఏమిటో తెలియదు. ట్రాజెడీని "మదీహ్" అన్నాడు, అంటే తారీఫ్ చేసే ఖసీదా. కామెడీని "హిజా" అన్నాడు, అంటే తిట్టు కవిత. రెండు శతాబ్దాల తర్వాత కుర్తుబాలో ఇబ్న్ రుష్ద్ (మరణం 1198) అదే కితాబ్‌కి షరహ్ రాశారు. అరస్తూను ఆయనంత లోతుగా చదివినవాళ్లు అరుదు. ఆయనకు గ్రీకు రాదు, ముందున్నది ఆ అరబీ మాటలే. ట్రాజెడీ అంటే ఖసీదా అనుకుని, అరబ్ షాయరీ నుంచి మిసాల్‌లు వెతికి పెట్టారు. అంతటి దిమాగ్ ఒక తప్పు మాట దగ్గర ఆగిపోయింది. నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మనవాళ్లు యునాన్ నుంచి తిబ్, ఫల్సఫా, హిందసా తెచ్చుకున్నారు. దేవుళ్ల కథలు, నాటకాలు వదిలేశారు. హోమర్ ఇలియడ్ పూర్తిగా అరబీ షాయరీలోకి 1904లో గానీ రాలేదు. ఆ పని చేసిన లెబనాన్ ఈసాయీ సులైమాన్ అల్-బుస్తానీ దానికోసం గ్రీకు నేర్చుకున్నారు.

ఆ తర్వాత తాహా హుసైన్. పసితనంలోనే చూపు పోయింది. అజ్‌హర్‌లో చదివి, 1914లో ఈజిప్షియన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకుని, ఫ్రాన్స్ వెళ్లి లాటిన్, గ్రీకు నేర్చుకున్నారు. ఆయనకు చదివి వినిపించిన సుజాన్‌నే నికాహ్ చేసుకున్నారు. 1919లో తిరిగొచ్చి కాహిరాలో గ్రీకు, రోమన్ల చరిత్ర చెప్పారు. అరస్తూ పేరున ఉన్న ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథాన్ని 1921లో అరబీలోకి తెచ్చారు. తమాషా ఏమిటంటే దాని పపైరస్ ప్రతి దొరికింది ఈజిప్టులోనే. అచ్చయింది మాత్రం 1891లో లండన్‌లో. గ్రీకు, లాటిన్ రానిదే తన ముల్క్ గతాన్నే చదవలేమని ఆయన 1938లో రాశారు. ఆయన మాటలన్నీ నాకు ఖబూల్ కావు. 1926లో జాహిలీ షాయరీ మీద రాసిన కితాబ్ ముస్లింలను నొప్పించింది, ఆ నొప్పి సహజం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన చెప్పింది సరైనదే.

మన హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ కోసం ఎన్నో సబ్జెక్టుల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. ఆ మెహనత్‌ని తక్కువ చేయలేం. కానీ తర్జుమా ఎక్కువగా ఇంగ్లీషు నుంచే. మత్తాకు సురియానీ, మనకు ఇంగ్లీషు.

మన పిల్లల్లో ఎవరైనా గ్రీకు చదువుతానంటే "ఫాయిదా ఏమిటి" అంటాం. నౌకరీ లెక్కలో ఆ అడగడం తప్పు కాదు, ఫీజు కట్టేది మనమే. కానీ ఖురాన్ తెలుగు తర్జుమా ఇంట్లో ఉన్నా, తర్జుమా ఖురాన్ కాదని మన ఇంట్లో చిన్నపిల్లలకూ తెలుసు. అసల్ జబాన్ విలువ మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా మద్రసాలో సర్ఫ్, నహ్వ్ చదివినవాళ్లకు గ్రీకు గ్రామర్ మరీ అపరిచితంగా ఉండదు. అరబీలో ఇద్దరి కోసం తస్నియా ఉన్నట్టే పాత గ్రీకులోనూ ఉంది. విభక్తిని బట్టి మాట చివర మారడం రెండింటిలోనూ ఉంది. యూనివర్సిటీలో సాధారణంగా ముందు ఏథెన్స్ వచనం చెబుతారు, క్సెనోఫోన్, అఫ్లాతూన్. హోమర్ జబాన్ ఇంకా పాతది, కొంచెం పట్టు చిక్కాక వస్తుంది. ఇలియడ్ మొట్టమొదటి మాటకు అర్థం "గజబ్". గ్రీకులో విభక్తి ఆ మాటలోనే ఉంటుంది కాబట్టి షాయర్ దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టగలిగాడు. ఇంగ్లీషు తర్జుమాల్లో చాలావరకు ముందుగా "పాడు" అనో "ఓ దేవీ" అనో వస్తుంది, కోపం తర్వాత వస్తుంది.