బండి పోయిందా? ఏడ్సుడు తర్వాత, ముందుగాల ఎఫ్‌ఐఆర్

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎనకాల గల్లీలల్ల పొద్దుగాల ఆరింటికి తిరిగి చూడుండ్రి. హాస్టళ్ల ముంగట సందు లేకుంట బండ్లు. టీఎస్ 05 నల్లగొండ, టీఎస్ 29 సూర్యాపేట, టీఎస్ 06 మహబూబ్‌నగర్. డీఎస్సీకి, గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ కొలువుకు కోచింగ్ తీసుకుందామని వచ్చిన మనూరి పోరగాండ్ల బండ్లవి. ఒక్కో బండి ఎనక ఒక్కో కథ ఉంటది. అవ్వ సంఘంల తీసిన లోనో, బాపు అమ్మిన బర్రెనో, పొద్దంత కోచింగ్ జేసి రాత్రి ఇంటింటికి డబ్బాలు మోసి కట్టే కిస్తులో. అసొంటి బండి ఒకనాడు పెట్టిన కాడ కనవడదు.

నాది గూడ పోయింది. ఏడెనిమిదేండ్ల కింద కొత్తపేట కాడ చాయ్ తాగి వచ్చేసరికి జాగ ఖాళీగున్నది. ఒక స్టేషనుకు పోతే "గా జాగ మాకు రాదు, పక్క స్టేషనుకు పో" అన్నరు. పక్కోళ్లు "రెండు దినాలు ఎతుక్కో, దొర్కకుంటె రా" అన్నరు. నాలుగోనాడు కేసు రాసిండ్రు. ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోతే వాళ్లు అడిగిన మొదటి ముచ్చట, "నాలుగు దినాలు ఏం జేసినవ్?" క్లెయిమ్ రాలె. దొంగ బండి ఒక్కటే తోల్కపోయిండు. మిగిలినది పోగొట్టింది నా తెలివితక్కువతనమే. మీకు గట్ల కావొద్దని ఇది రాస్తున్న.

మొదటి గంట

ముందుగాల బండి పోయిందా, ఎవరన్న తీసుకపోయిండ్రా తేల్చుకోవాలె. దోస్తు మారు తాళంచెవితోని తీస్కపోయిండేమో అడుగు. నో పార్కింగ్ జాగల పెట్టినవా? మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్టేషన్ల కింద పెట్టిన బండ్లను ట్రాఫిక్ పోలీసులు ఎత్తుకపోతరు, దగ్గరి ట్రాఫిక్ స్టేషన్ల అడుగు. కిస్తులు రెండు మూడు ఆగినయా? ఫైనాన్సోళ్లు గుంజుకపోయిండ్రేమో ఫోన్ జేసి కనుక్కో. ఇదంత అర్ధ గంట పని.

గిట్ల ఏం లేదంటె 112కు కొట్టు. ఏ టైముకు పెట్టినవ్, ఏ టైముకు లేదు, ఏ దుకానం ముంగట, అన్నీ జెప్పు. అదే జాగల నిలబడి ఫోటో దియ్యి. చుట్టుపక్కల ఏ దుకానానికి, ఏ హాస్టల్‌కు కెమెరా ఉన్నదో రాసుకో. కెమెరాలల్ల పాత రికార్డు మీద కొత్తది ఎక్కుతనే ఉంటది. కొన్ని దినాలైతే ఆ బొమ్మ మళ్ల దొర్కది. "అన్నా, గీ టైముది జర తుడ్వకుండ్రి, పోలీసులు వస్తరు" అని దుకానపాయనకు దండం పెట్టి చెప్పు.

ఏ స్టేషనుకు పోవాలె?

గీ ఇలాకల ఇదే పెద్ద పంచాయితీ. మలక్‌పేట, చైతన్యపురి, సరూర్‌నగర్, ఎల్బీనగర్ స్టేషన్ల హద్దులు ఒకదానికొకటి అంటుకోని ఉంటయి. రోడ్డుకు ఇవతల ఒకటి, అవతల ఇంకోటి. ఊరి నుంచి వచ్చిన పిల్లగానికి ఈ హద్దులు తెల్వాల్సిన పని లేదు. 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లనైనా ఫిర్యాదు ఇయ్యొచ్చు. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటరు. వాళ్లు రాసుకోని సంబంధిత స్టేషనుకు పంపాలె. ఆన్‌లైన్ల గూడ ఫిర్యాదు పంపొచ్చు. కని మూడు దినాలల్ల పోయి దాని మీద సంతకం పెడితెనే అది రికార్డుకెక్కుతది. ఎఫ్‌ఐఆర్ కాపీ పైస లేకుంట ఇయ్యాలె. ఇదీ అదే సెక్షన్ల ఉన్నది.

దరఖాస్తుల ఏం రాయాలె?

తెలుగులనే రాయి, సాలు. నీ పేరు, ఊరు, ఇప్పుడుంటున్న హాస్టల్ అడ్రసు, ఫోన్ నంబరు. బండి కంపెనీ, మోడల్, రంగు, రిజిస్ట్రేషన్ నంబరు, చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. నంబరు ప్లేటు దొంగ అర్ధ గంటల మారుస్తడు, చాసిస్ మీద గుద్దిన 17 అక్షరాల నంబరు మార్చుడు అంత అల్కగ కాదు. బండి దొరికిన్నాడు నీదే అని చెప్పేది ఆ నంబరే. టాంకు మీద గీత, విరిగిన అద్దం, సీటు మీద కుట్టు, గసొంటి గుర్తులు గూడ రాయి. డబ్బాల ఆర్‌సీ, సర్టిఫికెట్లు ఉంటె అవి గూడ పోయినయని రాయాలె. తర్వాత నకలు తీసుకునేటప్పుడు పనికొస్తది.

ఒక మాట మర్వకు. బండి విలువ రాయి, ఉన్నది ఉన్నట్టు రాయి. కొత్త చట్టంల 5,000 రూపాయల లోపు సొత్తు దొంగతనాన్ని పోలీసులు తమంతట తాము కేసు కట్టలేని నేరాల కిందికి తెచ్చిండ్రు. "పాత బండే గదా, ఏం విలువ" అని నువ్వే తక్కువ జేసి రాసుకుంటె నీ కేసు ఆడనే పడుకుంటది. బజార్ల దానికి ఇప్పుడు ఎంతొస్తదో అదే రాయి. పెట్టాల్సిన సెక్షన్ భారతీయ న్యాయ సంహిత 303(2). ఎనుకటి 379 అన్నట్టు. మూడేండ్ల దాక జైలు శిక్ష ఉన్నది.

తీసుకోకపోతె?

దరఖాస్తు తీసుకోని చిన్న రశీదు ఇచ్చి "చూస్తం పో" అంటరు. రశీదు ఎఫ్‌ఐఆర్ కాదు. ఎఫ్‌ఐఆర్‌కు నంబరుంటది, సెక్షన్ ఉంటది. కేసు కట్టదగిన నేరమని ఫిర్యాదుల కనవడితె ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే అని 2013 నవంబర్ల లలితా కుమారి కేసుల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచీ తీర్పు చెప్పింది. కొత్త చట్టంల ఒక మెలిక ఉన్నది. మూడేండ్ల నుంచి ఏడేండ్ల లోపు శిక్ష పడే నేరాలల్ల డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితోని 14 దినాలల్ల ప్రాథమిక విచారణ జేసుకోవచ్చు. గట్లనంటె "అనుమతి ఉన్నదా సార్, ఎన్నడు అయిపోతది" అని మర్యాదగ అడుగు. అడిగినవని, ఏ తారీకు అడిగినవని రాసిపెట్టుకో.

అయినా రాయకపోతె అదే దరఖాస్తును పోస్టుల డీసీపీకి పంపు. పోస్టాఫీసు రశీదు పైలంగ దాసుకో. ఆడ గూడ కాకపోతె మేజిస్ట్రేటు కోర్టుకు పోవచ్చు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీనగర్లనే ఉన్నయి. వకీలుకు పైసలు లేవా? ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, ఆమ్దానీ తక్కువున్నోళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగ వకీలును ఇస్తది. 15100కు ఫోన్ జెయ్యి.

"పాత బండికి ఇంత లొల్లెందుకు" అనేటోళ్లకు ఒక ముచ్చట. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇదే దిల్‌సుఖ్‌నగర్‌ల సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి పదిహేను మందికి పైగ సచ్చిపోయిండ్రు. ఎవరిదో తెల్వని బండి ఏ పనికి వాడుతరో చెప్పలేం. నీ పేరు మీదున్న బండితోని ఎవడన్న గొలుసు తెంపినా, మనిషిని గుద్ది పోయినా, పోలీసులు మొదలు వచ్చేది నీ ఊరికి, నీ ఇంటికి. ఎఫ్‌ఐఆర్ తారీకు నీకు కవచం.

ఇన్సూరెన్స్ కాడ మోసపోయేది గిక్కడ

కేసు అయిన్నాడే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ జేసి చెప్పు, క్లెయిమ్ నంబరు తీసుకో, మెయిల్ గూడ పెట్టు. నువ్వు ఆలస్యం జేసినవని కొట్టేస్తె 2020 జనవరిల వచ్చిన గురుశిందర్ సింగ్ తీర్పు యాది పెట్టుకో. పంజాబ్‌ల ఒకాయన ట్రాక్టర్ పోయింది. ఆయన అదే దినం పోలీసు కేసు పెట్టిండు, కంపెనీకి మాత్రం 52 దినాలకు చెప్పిండు. పోలీసులకు ఎంటనే చెప్పినప్పుడు కంపెనీకి లేటుగ చెప్పిండనే ఒక్క కారణంతోని క్లెయిమ్ కొట్టెయ్యొద్దని సుప్రీంకోర్టు అన్నది. అందుకే మళ్ల మళ్ల చెప్తున్న, ఎఫ్‌ఐఆర్ ముందు.

ఇగ అసలు మెలిక. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండి కొంటె అయిదేండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే. కాయితం మీద "అయిదేండ్లు" అని చూసి మనోళ్లు నిమ్మలంగ ఉంటరు. థర్డ్ పార్టీ అంటె నీ బండి తాకి వేరేటోళ్లకు నష్టమైతె ఇచ్చేది. దొంగతనానికి అది పైస గూడ ఇయ్యది. దొంగతనానికి పనికొచ్చేది సొంత నష్టం భాగం. అది మస్తు మందికి మొదటి ఏడాదికే ఉంటది. రెండో ఏడాది నుంచి నువ్వు యాది చేసుకోని కట్టాలె. ఇయ్యాలనే నీ పాలసీ తీసి ఆ తారీకు చూడు.

వచ్చే పైసలు గూడ కొన్న ధర కాదు, పాలసీల రాసి ఉన్న ఐడీవీ. ఏడాది దాటి రెండేండ్ల లోపు బండికి 20 శాతం, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, అయిదేండ్ల లోపు 50 శాతం తరుగు తీస్తరు.

కంపెనీ అడిగే కాయితాలు: ఎఫ్‌ఐఆర్, ఆర్‌సీ, పాలసీ, రెండు తాళంచెవులు, బండి దొర్కలేదని పోలీసులు కోర్టుకిచ్చే ఆఖరి రిపోర్టు, ఆర్‌టీఏ ఫారాలు. రెండో తాళంచెవి ఊర్లె ఏ డబ్బాలున్నదో ఇప్పుడే ఎతుకు. అది లేకుంటె బండికే చెవి పెట్టి పోయినవని అనుమానపడుతరు. దర్యాప్తు ఎందాక వచ్చిందో 90 దినాలల్ల నీకు చెప్పాలని చట్టం. చెప్పకపోతె నువ్వే పోయి అడుగు.

సెకండ్ హ్యాండ్ బండి కొని పేరు మార్చుకోనోళ్లు మస్తుమంది. పోలీసు ఫిర్యాదు ఎవరైనా ఇయ్యొచ్చు. ఇన్సూరెన్స్ పైసలు మాత్రం ఆర్‌సీ, పాలసీ రెండూ నీ పేరు మీద లేకుంటె కొట్లాట అయితది. కొన్న 14 దినాలల్ల కంపెనీకి చెప్పి పాలసీ మార్పించుకోవాలె.

క్లెయిమ్ కొట్టేస్తె కారణం రాతపూర్వకంగ అడుగు. కంపెనీకే ముందు అప్పీలు పెట్టు. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా లక్డీకాపూల్‌ల ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుల ఫిర్యాదు ఇయ్యి. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు, ఏడాది లోపు పోవాలె. లేకుంటె జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. అయిదు లక్షల దాక ఫీజు లేదు, రెండేండ్ల గడువు. 1915కు ఫోన్ జేస్తె దారి చెప్తరు.

లోన్, చలాన్లు, దొంగ ఫోన్లు

బండి పోయిందని కిస్తులు ఆపొద్దు. అప్పు నీ మీదున్నది, బండి మీద కాదు. ఆపితె సిబిల్ ఖరాబైతది, రేపు పంటలోన్ కాడ గూడ అడ్డమొస్తది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫైనాన్సోళ్లకు ఇయ్యి. క్లెయిమ్ వస్తె ముందుగాల వాళ్ల బాకీ తీరి, మిగిలింది నీకొస్తది.

ఈ-చలాన్ సైట్ల నీ నంబరు దినాం కొట్టి చూడు. దొంగలు హెల్మెట్ పెట్టరు. ప్లేటు మార్చకపోతె ఏదో ఒక చౌరస్తల కెమెరాకు దొర్కుతడు. ఆ చలాన్ల ఫోటో, జాగ, టైము ఉంటది. అది స్టేషన్ల ఇస్తె దర్యాప్తుకు పెద్ద ఆధారం. ఆ చలాన్లు నీ మీద పడకుంట ట్రాఫిక్ పోలీసులకు ఎఫ్‌ఐఆర్ జతజేసి అర్జీ పెట్టు. ఆర్‌టీఏకు గూడ రాతపూర్వకంగ చెప్తె నీ బండి ఇంకొకరి పేరుకు మారకుంట ఆపొచ్చు.

వాట్సాప్ గ్రూపులల్ల బండి ఫోటో పెట్టు, ఆర్‌సీ ఫోటో పెట్టకు. "నీ బండి మా కాడున్నది, డీజిల్ ఖర్చు ముందు పంపు" అని ఫోన్లు వస్తయి. రూపాయి పంపకు, ఆ నంబరు పోలీసులకియ్యి. అనుమానమొచ్చినోన్ని పట్టుకోని కొట్టకుండ్రి. బండి పోయిన నువ్వు ముద్దాయివైతవ్.

దొరికితె

పోలీసులు పట్టుకున్న బండి కేసు సొత్తు అయితది. కోర్టుల అర్జీ పెట్టి, పూచీకత్తు బాండు రాసి తెచ్చుకోవాలె. కేసు తేలేదాక అక్కర లేదు. స్టేషన్ల ముంగట బండ్లు తుప్పు పట్టుడేందని 2002ల సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసుల సుప్రీంకోర్టు అడిగింది. ఫోటోలు, పంచనామా జేసి పదిహేను దినాల నుంచి నెల లోపు సొంతదారుకు ఇయ్యాలన్నది. ఎల్బీనగర్ దిక్కు ఏ స్టేషన్ ముంగట చూసినా దుమ్ము పట్టిన బండ్ల కుప్పలున్నయి. అండ్ల సగం మందికి ఈ తీర్పు తెల్వక ఇడిసిపెట్టి పోయిన పేదోళ్ల బండ్లే అనిపిస్తది నాకు.

ఆఖరుకు ఒక మాట

పదివేలకు బుల్లెట్ వస్తదని ఎవడన్న అంటె, కాయితాలు తర్వాత ఇస్తనంటె, అది నీ అసొంటి ఒక పిలగాని బండి. దొంగసొత్తని తెల్సి కొన్నా నేరమే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్. కొనేటోళ్లు లేకుంటె దొంగలకు బజారే లేదు. డిజిటల్ పోలీస్ పోర్టల్‌ల నంబరు కొట్టి దొంగబండి అవునా కాదా చూడొచ్చు.

ఇయ్యాల రాత్రి పండేముందు మూడు పనులు జెయ్యి. ఆర్‌సీ, పాలసీ ఫోటోలు దీసి చాసిస్ నంబరుతోని సహా అన్నకో అక్కకో పంపు. పాలసీల సొంత నష్టం తారీకు చూడు. చాయ్ రెండు దినాలు బంద్ పెట్టైనా సరే, ముందు చక్రానికి ఒక గొలుసు తాళం కొనుటానికి పైసలు జమ చెయ్యి. మన బాపు బర్రె నమ్మి కొనిచ్చిన బండికి ఆ మాత్రం కావలి మనమే ఉండాలె. పోయిన్నాడు మాత్రం తలకాయ దించుకోకు. చట్టం నీ దిక్కున్నది, అడిగితెనే పని జేస్తది.