లైసెన్సు నుండి బోర్డు ధ్రువీకరణ వరకు: అమెరికా వైద్యవృత్తిలో ఒక ఐచ్ఛిక పరీక్ష చరిత్ర

ఉపోద్ఘాతం

అమెరికా వైద్యుల పేర్ల ప్రక్కన ‘బోర్డు సర్టిఫైడ్’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. దానిని వైద్యం చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతిగా భావించడం పొరపాటు. అనుమతి, అంటే లైసెన్సు, ఇచ్చేది రాష్ట్రం; ధ్రువీకరణ ఇచ్చేది వైద్యులే ఏర్పరచుకొన్న ప్రభుత్వేతర బోర్డు. మొదటిది లేకుండా వైద్యం చేయడం నేరం. రెండవది చట్టరీత్యా ఐచ్ఛికం. ఆ ఐచ్ఛిక పరీక్ష ఆచరణలో దాదాపు అనివార్యంగా మారిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

లైసెన్సు పరిమితి

వైద్యులకు లైసెన్సు విధించే రాష్ట్రాల అధికారాన్ని 1889లో డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. వైద్యకళాశాలల నాసిరకపు బోధనను 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక బట్టబయలు చేసింది. అయితే లైసెన్సు వైద్యశాఖల మధ్య భేదం చూపదు. అది పొందిన వైద్యుడు కొద్దివారాల శిక్షణతో తన్ను తాను నిపుణుడిగా ప్రకటించుకొన్నా చట్టం అడ్డుచెప్పలేదు.

ఈ లోపాన్ని ముందుగా గుర్తించినవారు నేత్రవైద్యులు. ఒకవైపు కళ్లద్దాలు నిర్ణయించే ఆప్టోమెట్రిస్టుల పోటీ, మరొకవైపు అరకొర శిక్షణ గల సాటి వైద్యులు. 1908లో డెరిక్ వెయిల్ తమ అకాడమీ అధ్యక్షోపన్యాసంలో, నిర్ణీత శిక్షణ, పరీక్ష ముగిసిన తరువాతనే నేత్రవైద్యులుగా గుర్తించాలని ప్రతిపాదించాడు. 1916లో తొలి బోర్డు ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరులో మెంఫిస్ నగరంలో తొలి పరీక్ష జరిగింది. రోగి రక్షణ, వృత్తి ప్రయోజనం రెండూ ఈ ఆరంభంలోనే పెనవేసుకొని ఉన్నాయి.

విస్తరణ

చెవి, ముక్కు, గొంతు వైద్యులు 1924లోను, ప్రసూతి వైద్యులు 1930లోను, చర్మవైద్యులు 1932లోను బోర్డులు స్థాపించుకొన్నారు. వీటి సమన్వయానికి 1933లో ఏర్పడిన సలహామండలియే 1970లో అమెరికన్ బోర్డ్ ఆఫ్ మెడికల్ స్పెషాలిటీస్‌గా మారింది. నేడు దానిలో 24 బోర్డులున్నాయి.

ధ్రువీకరణ విలువను పెంచినది రెండవ ప్రపంచయుద్ధం. ధ్రువీకృత వైద్యులకు సైన్యంలో ఉన్నత హోదా లభించింది. యుద్ధానంతరం ఆస్పత్రులు, ఆపై బీమా సంస్థలు నియామకాలలో దీనిని కొలమానంగా స్వీకరించాయి. చట్టం కోరనిదానిని ఉపాధి కోరింది.

అవకాశంలో అసమానత

పరీక్ష అందరికీ ఒకటే; దాని వరకు నడిచే దారి ఒకటి కాదు. 1927లో చెవి, ముక్కు, గొంతు విభాగంలో ధ్రువీకరణ పొందిన విలియం హ్యారీ బార్న్స్‌ను బోర్డు ధ్రువీకరణ పొందిన తొలి నల్లజాతి వైద్యుడిగా పేర్కొంటారు. ఆ కాలంలో జాతివివక్ష పాటించే ఆస్పత్రులలో నల్లజాతివారికి రెసిడెన్సీ శిక్షణ దొరకడం అరుదు. 1965 వలసచట్టం తరువాత అమెరికా చేరిన భారతీయ వైద్యులది మరో విధమైన అనుభవం. వారిలో తెలుగువారు అనేకులు. స్వదేశంలో ఎం.డి. పట్టా ఉన్నా, బోర్డు పరీక్షకు అర్హత కోసం సాధారణంగా అక్కడ రెసిడెన్సీ మళ్లీ చేయవలసివచ్చింది.

కాలపరిమితి వివాదం

తొలినాళ్లలో ధ్రువీకరణ జీవితకాలానికి చెల్లేది. 1969లో ఏర్పడిన కుటుంబవైద్య బోర్డు ఆరంభం నుండే పునఃపరీక్షను విధించింది. అంతర్వైద్య బోర్డు 1990 నుండి పదేళ్ల గడువుతో ధ్రువపత్రాలిచ్చింది. రుసుములు, పరీక్షల భారంపై అసంతృప్తి పెరిగి 2015లో ఒక ప్రత్యామ్నాయ బోర్డే వెలసింది.

ముగింపు

భారతదేశంలో నిపుణతకు ఆధారం చట్టం గుర్తించిన పట్టా. 1975లో ఏర్పడిన జాతీయ పరీక్షల బోర్డు సైతం ఆ పరిధిలోనిదే. అమెరికాలో ఆ బాధ్యతను వృత్తి తానే స్వీకరించింది. రోగికి నమ్మకమిచ్చే ఆ ముద్రయే వైద్యుని ఉపాధిని శాసిస్తున్నది. కనుక ఐచ్ఛికమనే పేరు చాటున, పరీక్షించేవారు ఎవరికి జవాబుదారులన్న ప్రశ్న నేటికీ మిగిలే ఉంది.