ఇన్‌వర్డు రిజిస్టరు నుండి ఇన్‌బాక్సు దాకా

ఈ ప్రత్యేక సంచికకు నాకు తెలిసిన విషయమేదైనా రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. కథలు, కవితలు రాసే శక్తి నాకు లేదు. ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా కాగితాల మధ్య బ్రతికినవాణ్ణి. కనుక కాగితాల చరిత్రే రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, వనస్థలిపురం ప్రాంతాల్లోని మన సభ్యులలో చాలామంది జేబుల్లో ఇప్పుడు సెల్‌ఫోను ఉంది. పింఛను జమ అయిన సందేశం, బ్యాంకు లెక్క, డాక్టరుగారి అపాయింట్‌మెంటు, విదేశాల్లో ఉన్న పిల్లల ఉత్తరాలు అన్నీ అందులోకే వస్తున్నాయి. "ఇదంతా మన తరానికి పట్టుబడే విద్య కాదండీ" అనే మాట సమావేశాలలో తరచు వింటున్నాను. ఆ మాట సరికాదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఫోనులోని ఈమెయిలు, క్యాలెండరు చేసే పని మనం ఉద్యోగకాలమంతా చేసినదే. పేర్లు మారాయి, పద్ధతి మారలేదు.

దఫ్తరు నాటి పద్ధతి

నిజాం ప్రభుత్వంలో పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో పార్శీ స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. దఫ్తరు, దస్త్రం, మిసిల్, తాకీదు వంటి మాటలు మనకు ఆ కాలం నుండి మిగిలినవే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత మద్రాసు రాష్ట్రంలో అలవాటైన కార్యాలయ పద్ధతి ఈ వైపుకూ వచ్చింది. దానిని మనం 'టాటన్‌హామ్ పద్ధతి' అని పిలిచేవాళ్లం. టాటన్‌హామ్ మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన ఐ.సి.ఎస్. అధికారి. జిల్లా కార్యాలయ మాన్యువల్‌లో ఉన్న నియమాలకు ఆధారం ఈ పద్ధతే.

మన ఇళ్లలోని పిల్లల కోసం దీనిని క్లుప్తంగా చెబుతాను. వచ్చిన తపాలును అధికారి చూసి, పొడి సంతకం చేసి, తేదీ వేసేవారు. ఇన్‌వర్డు గుమాస్తా దానికి నంబరు వేసి సంబంధిత సీటుకు పంపేవాడు. ఎ1 అంటే ఒక సీటు, బి2 అంటే మరొక సీటు. సీటులోని గుమాస్తా దానిని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకోవాలి. ఎవరి నుండి వచ్చింది, విషయమేమిటి, ఎప్పుడు ఫైలు పెట్టాడు, ఎన్ని తాకీదులు పంపాడు, చివరకు ఏ తేదీన ముగిసింది అన్నీ ఒకే వరుసలో కనబడేవి. ఫలానా రోజున గుర్తు చేయవలసినవి రిమైండరు డైరీలో రాసుకునేవాళ్లం. నెలకో మూడు నెలలకో పంపవలసిన నివేదికలకు పీరియాడికల్ రిజిస్టరు. కోర్టులో ఉండి ఇప్పట్లో కదలని ఫైళ్లకు కాల్ బుక్కు. తరచు చూడవలసిన ప్రభుత్వ ఉత్తర్వులకు స్టాక్ ఫైలు.

ముగిసిన ఫైలుకు ఆయుర్దాయం కూడా రాసేవాళ్లం. ఎల్.డిస్. అంటే ఏడాది, కె.డిస్. అంటే మూడేళ్లు, డి.డిస్. అంటే పదేళ్లు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. ఈ గుర్తు వేయనిదే రికార్డు రూము వాడు ఫైలు తీసుకునేవాడు కాదు.

మన ప్రాంతానికి ఈమెయిలు వచ్చిన వైనం

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపాడు. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య 'ఎట్' గుర్తు పెట్టింది ఆయనే. మన దేశంలో 1976లో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు ఏర్పడింది. 1980లలో దాని నిక్‌నెట్ ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలిపింది. కలెక్టరేటులో ఎయిర్‌కండిషను గది, బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లే నియమం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు ఇచ్చింది. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పథకం మొదలై, దస్తావేజుల పని కంప్యూటరు మీదికి వచ్చింది.

మన ప్రాంతానికి మాత్రం ఈమెయిలు ప్రభుత్వం ద్వారా కాక పిల్లల ద్వారా వచ్చింది. 2000 సంవత్సరపు సమస్య అని కంప్యూటరు లోకం కంగారుపడిన రోజులవి. ఆ ముందు వెనుక సంవత్సరాల్లో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి రోడ్ల మీద కంప్యూటరు శిక్షణ బోర్డులు వరసగా వెలిశాయి. ఉద్యోగుల కాలనీల పిల్లలు వాటిలో నేర్చుకుని అమెరికా వెళ్లారు. ఐ.ఎస్.డి. ఫోను నిమిషానికి ఎంత అవుతోందో మీటరు చూస్తూ మాట్లాడిన తల్లిదండ్రులు, గంటకింత అని ఇచ్చి ఇంటర్నెట్టు సెంటర్లలో కూర్చున్నారు. సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి 1996లో ప్రారంభించిన హాట్‌మెయిలులో చాలామందికి మొదటి చిరునామా. జీమెయిలు 2004 ఏప్రిల్ 1న, గూగుల్ క్యాలెండరు 2006లో వచ్చాయి.

ఆపైన మార్పులు వేగం పుంజుకున్నాయి. 2001లో ఈ-సేవ వచ్చి కరెంటు బిల్లు వరుసలు తగ్గించింది. 2007లో గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ మునిసిపాలిటీలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ముగిసింది. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రారంభించింది. 2018లో మన రాష్ట్రంలో టి-యాప్ ఫోలియో వచ్చింది. ఆ తరువాత పింఛనుదారు తన ముఖాన్ని తానే ఫొటో తీసుకుని జీవించి ఉన్నట్లు ధ్రువీకరించుకునే సదుపాయం అందులో చేరింది. అదే 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు నడిచింది. బస్సు మారి ఖజానా కార్యాలయానికి వెళ్లే శ్రమ తగ్గిన రోజులకే, ఆ కార్యాలయం పని కూడా చేతిలోకి వచ్చింది.

పాత రిజిస్టర్లు, కొత్త పేర్లు

ఈమెయిలులో 'సీసీ' అనే గడి ఉంటుంది. అది కార్బన్ కాపీ. టైపు మిషనులో రెండు కాగితాల మధ్య నల్ల కార్బను పెట్టి నకలు తీసిన మనకు అది కొత్త మాట కాదు. 'బీసీసీ' అంటే నకలు ఎవరికి వెళ్లిందో మొదటివారికి తెలియకుండా పంపడం. 'ఫార్వర్డు' అంటే ఎండార్సుమెంటు వేసి పై వారికి పంపడం. ఇవి గుర్తుపెట్టుకుంటే మిగిలినది సులభం. నా అనుభవంలో తేలిన కొన్ని సూచనలు మనవి చేస్తాను.

ఒకటి, తపాలు వేళ పెట్టుకోండి. కార్యాలయంలో తపాలు వచ్చిన ప్రతిసారీ కుర్చీలోంచి లేచేవాళ్లం కాదు. ఉదయం పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి ఈమెయిలు చూస్తే చాలు. ఫోను మోగిన ప్రతిసారీ చూడనక్కరలేదు. దుకాణాల ప్రకటనల మోతను సెట్టింగులలో ఆపివేయవచ్చు.

రెండు, చిరునామాలు రెండు ఉంచుకోండి. బ్యాంకు, పింఛను, ఆదాయపు పన్ను, బీమా ఇవన్నీ ఒక చిరునామాకు. కొనుగోళ్లు, ప్రకటనలు మరొక దానికి. ఎ1 సీటు కాగితం బి2 సీటులో కలిస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

మూడు, చదివిన ప్రతి ఉత్తరానికీ డిస్పోజల్ వేయండి. ప్రకటన అయితే వెంటనే తొలగించండి. జవాబు రెండు ముక్కల్లో అయిపోయేదైతే అప్పుడే ఇవ్వండి. తెలుగులో టైపు చేయడం కష్టమైతే కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. తరువాత చూడవలసినదైతే 'స్నూజ్' నొక్కి తేదీ ఇవ్వండి. ఆ రోజున ఉత్తరం తిరిగి పైకి వస్తుంది. రిమైండరు డైరీ చేసిన పని ఇదే. ముగిసినదైతే 'ఆర్కైవ్' చేయండి. అది పోదు, రికార్డు రూముకు వెళుతుంది. పంపినవారి పేరుతో వెదికితే దొరుకుతుంది. బ్యాంకు, వైద్య ఖర్చుల కాగితాలకు ఒక్కొక్క 'లేబుల్' తగిలిస్తే అది విషయాలవారీ ఫైలు.

నాలుగు, క్యాలెండరును పీరియాడికల్ రిజిస్టరుగా వాడండి. మన ఇళ్లలో వెంకట్రామా క్యాలెండరు మీద పాల లెక్క, గ్యాసు బండ తేదీ రాసుకోవడం ఉన్నదే. దానిని తీసివేయమని చెప్పడం లేదు. అయితే గోడ క్యాలెండరు మోగదు, డిసెంబరు 31 తరువాతి తేదీ దానికి తెలియదు. ఫోనులో ఒకసారి రాసి 'ప్రతి సంవత్సరం' అని గుర్తు పెడితే చాలు. జీవన ధ్రువీకరణ పత్రం గడువు, ఆరోగ్య బీమా నవీకరణ, ఫిక్సెడ్ డిపాజిట్టు ముగిసే రోజు, ఇంటిపన్ను, ఆదాయపు పన్ను రిటర్ను, వయసును బట్టి అదనపు పింఛను రావలసిన తేదీ ఇవన్నీ రాసుకోవాలి. కేంద్ర పింఛనుదారులకు జీవన పత్రం నెల నవంబరు. ఎనభై దాటినవారికి అక్టోబరు 1 నుండే అవకాశం ఉంది. రాష్ట్ర పింఛనుదారులు ఖజానా వారు ఆ ఏటికి ప్రకటించిన తేదీలు చూసి రాసుకోవాలి. ఒక్కొక్క దానికి వారం ముందు ఒకటి, ఒక రోజు ముందు ఒకటి మోగేటట్లు పెట్టండి. ఆ పత్రం అందకపోతే పింఛను ఆగుతుంది. తిరిగి తెప్పించుకోవడానికి ఈ వయసులో తిరగవలసిన తిరుగుడు నేను చెప్పనక్కరలేదు.

ఐదు, తపాలు విప్పే ముందు కవరు చూడండి. పంపినవారి ముద్ర లేని కాగితాన్ని మనం నంబరు వేసి ఫైలు పెట్టలేదు కదా. "జీవన పత్రం నమోదు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరు ఫోను చేసినా చెప్పవద్దు. పోలీసులమని వీడియోలో కనిపించి 'డిజిటల్ అరెస్టు' అంటే భయపడవద్దు. చట్టంలో అటువంటి అరెస్టు లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఛార్జి అప్పగింత

పాత పద్ధతిలో ఉండి ఫోనులో లేనిది ఒకటుంది. బదిలీ అయిన గుమాస్తా ఛార్జి లిస్టు రాసి, ఫైళ్లు లెక్కపెట్టి, తరువాతి గుమాస్తాకు అప్పగించేవాడు. ఇద్దరూ సంతకాలు చేసేవారు. సీటు మారినా కాగితం దిక్కులేనిది అయ్యేది కాదు. ఫోనుకు అటువంటి ఏర్పాటు మనం చేస్తే తప్ప లేదు.

మా కాలనీలో ఒక మిత్రులు రెండేళ్ల క్రితం కాలం చేశారు. ఎంతో క్రమశిక్షణ గలవారు. లెక్కలన్నీ ఫోనులోనే ఉంచుకున్నారు. తెరవడానికి వారి వేలిముద్ర కావాలి. వారి శ్రీమతికి ఏ బ్యాంకులో ఎంత ఉందో, బీమా నవీకరణ ఏ నెలలో ఉందో తెలియదు. బీమా గడువు గుర్తుచేసే ఉత్తరాలు ఆ తెరవని పెట్టెలోకే వచ్చి ఉంటాయి. గడువు దాటిపోయింది. ట్రంకు పెట్టెలో పింఛను చెల్లింపు ఉత్తర్వు కాగితం భద్రంగా ఉండబట్టి కుటుంబ పింఛను మాత్రం ఆలస్యం కాకుండా వచ్చింది. ఆ అమ్మగారు నాతో అన్న మాట ఇది: "అన్నయ్యగారూ, అన్నీ ఇందులోనే ఉన్నాయి అనేవారు. ఏవేవి ఉన్నాయో ఒక్కనాడూ చెప్పలేదు."

కనుక ప్రతి సభ్యుడూ ఒక ఛార్జి లిస్టు రాయాలని నా ప్రార్థన. ఒక నోటుపుస్తకంలో బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, బీమా, పి.పి.ఓ. నంబరు, ఈమెయిలు చిరునామాలు, నామినీల పేర్లు రాయండి. రహస్య సంకేతాలు అందులో రాయవద్దు. ఫోను తెరిచే సంకేతం మాత్రం విడిగా కవరులో అంటించి, భార్యకో భర్తకో చూపించి బీరువాలో ఉంచండి. గూగుల్ ఖాతాలో 2013 నుండి ఒక ఏర్పాటు ఉంది. కొన్ని నెలలు మనం ఖాతా తెరవకపోతే, ముందుగా మనం చెప్పిన వ్యక్తికి సమాచారం వెళుతుంది. రెండేళ్లు అసలు వాడని ఖాతాను తొలగించే నియమం 2023లో వచ్చింది కాబట్టి ఇది మరింత అవసరం. యాపిల్ ఫోనులో వారసుని పేరు రాసే ఏర్పాటు 2021లో వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యం, నెలకొక ఆదివారం ఇంటివారిని ప్రక్కన కూర్చోబెట్టుకుని ఫోనులోని క్యాలెండరు చూపించడం. మనుమలు ఉంటే వారిని కూడా పిలవండి. వారు మీటలు చూపిస్తారు, మనం పద్ధతి చూపిద్దాం. ఛార్జి లిస్టు నమూనా ఒకటి నేను తయారుచేశాను. వచ్చే నెల సమావేశానికి తగినన్ని నకళ్లు తెస్తాను. దయచేసి దంపతులిద్దరూ రావలసిందిగా మనవి.