సెల్‌ఫోన్ తరంగాలు: శరీరానికీ, పరికరాలకూ దూరమే రక్షణ

(ప్రత్యేక వ్యాసం – అత్తిలి, పశ్చిమ గోదావరి జిల్లా)

పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి మండలంలో సెల్‌ఫోన్ ఇప్పుడు కేవలం మాట్లాడుకునే సాధనం కాదు. డెల్టా కాలువల కింద వరి పండించే రైతు ధాన్యం ధర తెలుసుకోవడానికీ, చెరువుల రైతు ఇంటి నుంచే మోటారు ఆన్ చేయడానికీ, దుకాణదారు సొమ్ము జమ చేసుకోవడానికీ, విదేశాలలో స్థిరపడిన పిల్లలతో తల్లిదండ్రులు ముఖాముఖి మాట్లాడుకోవడానికీ ఇదే ఆధారం. వాడకంతో పాటు ప్రజలలో రెండు సందేహాలు కూడా పెరిగాయి. ఈ తరంగాలు ఆరోగ్యానికి హాని చేస్తాయా అన్నది మొదటిది. గుండెకు అమర్చిన యంత్రాలు మొదలుకొని మైకు వరకు ఇతర పరికరాల పనికి ఇవి అడ్డు తగులుతాయా అన్నది రెండవది. ఈ రెండింటికీ లభించే సమాధానాలలో ఉమ్మడిగా కనిపించే సూత్రం ఒక్కటే, అది దూరం పాటించడం.

తరంగాల స్వభావం

సెల్‌ఫోన్ పనిచేసేది రేడియో తరంగాలతో. ఎక్స్-కిరణాలకు ఉన్నట్లుగా అణువులను ఛేదించే శక్తి వీటికి లేదు. అందుకే వీటిని అయనీకరణం చేయని వికిరణంగా వర్గీకరించారు. నిర్ధారణ అయిన ప్రభావం శరీర కణజాలాన్ని స్వల్పంగా వేడి చేయడం మాత్రమే. మూలం నుంచి దూరం పెరిగిన కొద్దీ తరంగాల తీవ్రత వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు, మూడు రెట్లైతే తొమ్మిదో వంతుకు తగ్గుతుంది.

టవర్ కన్నా చేతిలోని ఫోనే దగ్గర

ప్రజల ఆందోళన ఎక్కువగా టవర్ల చుట్టూ తిరుగుతుంది. టవర్ ప్రసార శక్తి ఫోను కంటే ఎక్కువే అయినా అది పదుల, వందల మీటర్ల దూరంలో ఉంటుంది. దాని యాంటెన్నాలు తరంగాలను ప్రధానంగా అడ్డంగా, దూరానికి పంపుతాయి. ఫోను మాత్రం చెవికి ఆనుకొని ఉంటుంది. ఆ కారణంగా సాధారణ వాడకందారు శరీరానికి చేరే రేడియో శక్తిలో ఎక్కువ భాగం అతని సొంత ఫోను నుంచే వస్తుంది.

ఇక్కడ గమనించవలసిన మరో అంశం ఉంది. ఫోను తన ప్రసార శక్తిని అవసరాన్ని బట్టి మార్చుకుంటుంది. 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో 2జి ఫోను గరిష్ఠ శక్తి 2 వాట్లు. టవర్ సిగ్నల్ బలంగా ఉన్నచోట అదే ఫోను కొన్ని మిల్లీవాట్లతోనే పని నెరవేరుస్తుంది. సిగ్నల్ బలహీనమైన చోట, అంటే మిల్లుల రేకుల షెడ్డులోనో, టవర్‌కు దూరమైన పొలం గట్టునో, కదిలే రైలు బోగీలోనో, గరిష్ఠ శక్తికి చేరుకుంటుంది. ఊరికి టవర్ దూరమైన కొద్దీ ఆ ఊరివారి చెవుల వద్ద ఫోన్లు మరింత శక్తితో ప్రసారం చేస్తాయి. టవర్ వద్దని అభ్యంతరం చెప్పేవారూ, ఆ అభ్యంతరాలను విచారించే అధికారులూ ఈ విషయాన్ని పరిగణనలోకి తీసుకోవలసి ఉంది.

దేశంలో నిర్దేశించిన పరిమితులు

టవర్ల వికిరణానికి భారతదేశం 2008లో ఐ.సి.ఎన్.ఐ.ఆర్.పి. అనే అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాలను స్వీకరించింది. 2012 సెప్టెంబర్ 1న అమలులోకి వచ్చిన ఉత్తర్వులతో కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ ఆ పరిమితిని పదో వంతుకు కుదించింది. దాని ప్రకారం 900 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 మెగాహెర్ట్జ్ వద్ద 0.9 వాట్లు గరిష్ఠ పరిమితిగా నిర్ణయమయ్యాయి.

ఫోన్లకు వర్తించే కొలమానం వేరు. శరీర కణజాలం గ్రహించే శక్తిని శాస్త్ర పరిభాషలో ‘సార్’ విలువ అంటారు. ఒక గ్రాము కణజాలంపై సగటున కిలోగ్రాముకు 1.6 వాట్లకు మించరాదని అవే ఉత్తర్వులు నిర్దేశించాయి. అమెరికాలోనూ పరిమితి ఇదే. యూరప్ దేశాలలో 10 గ్రాముల సగటుపై 2 వాట్ల పరిమితి ఉంది. చాలా ఫోన్లలో *#07# అని నొక్కితే ఆ ఫోను సార్ విలువ తెరపై కనిపిస్తుంది.

పరిశోధనల సారాంశం

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మే 31న రేడియో తరంగాలను ‘2బి’ వర్గంలో, అంటే క్యాన్సర్ కారకం కావడానికి అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. సాక్ష్యం పరిమితంగా ఉన్నప్పుడు చేర్చే వర్గమిది. హాని రుజువైందని దీని అర్థం కాదు. తర్వాత అదే ఆరోగ్య సంస్థ కోరిక మేరకు 63 పరిశోధన పత్రాలను పరిశీలించి 2024లో ప్రచురించిన సమీక్షలో సెల్‌ఫోన్ వాడకానికీ, మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. భయాందోళనకు ఆధారం లేదు. అయితే ఖర్చు లేని జాగ్రత్తలను పాటించకపోవడానికీ కారణం లేదు.

పేస్‌మేకర్ ఉన్నవారు

దూరం నిజంగా ప్రాణావసరమయ్యేది ఇక్కడే. గుండె స్పందనను క్రమబద్ధం చేసే పేస్‌మేకర్ గుండె నుంచి వచ్చే అతి సూక్ష్మ విద్యుత్ సంకేతాలను గమనిస్తూ పనిచేస్తుంది. యంత్రానికి అతి సమీపంలో బలమైన రేడియో సంకేతం వెలువడితే దానిని గుండె స్పందనగా పొరబడే ప్రమాదం ఉంటుంది. అమెరికాలో 980 మంది రోగులపై 5,533 పరీక్షలు జరిపి 1997లో ప్రచురించిన అధ్యయనంలో 20 శాతం పరీక్షలలో ఏదో ఒక మేరకు అంతరాయం కనిపించింది. ఫోనును మామూలుగా చెవి వద్ద ఉంచుకొని మాట్లాడినప్పుడు మాత్రం రోగికి ప్రమాదకరమైన అంతరాయం కలగలేదు. ఫోనును ఛాతీపై, యంత్రానికి ఎదురుగా ఉంచినప్పుడే సమస్య తలెత్తింది.

టెలికమ్యూనికేషన్ల శాఖ సూచన ప్రకారం ఫోనుకూ, శరీరంలో అమర్చిన వైద్య పరికరానికీ మధ్య కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. చొక్కా జేబులో ఫోను పెట్టుకునే అలవాటు మన ప్రాంతంలో ఎక్కువ. పేస్‌మేకర్ ఉన్న పెద్దలు ఈ అలవాటు మానుకోవాలి. యంత్రం ఎడమవైపు ఉంటే కుడి చెవితో మాట్లాడాలి. కొన్ని కొత్త ఫోన్లలో, స్మార్ట్ వాచీలలో బలమైన అయస్కాంతాలు ఉంటున్నందున అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో ఇదే దూరాన్ని సూచించింది.

ఇతర పరికరాలపై ప్రభావం

2జి ఫోను నిరంతరంగా కాక సెకనుకు 217 సార్లు విడివిడిగా ప్రసారం చేస్తుంది. ఈ లయ మైకు తీగలలోకి చొరబడినప్పుడు స్పీకరులో ‘టటట’మనే శబ్దం వినిపిస్తుంది. అత్తిలిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి ఉత్సవాల వంటి సందర్భాలలో వేదికపై ఉన్నవారు తమ ఫోన్లను మైకుకూ, యాంప్లిఫయరుకూ ఒక మీటరు దూరంలో ఉంచితే ఈ ఇబ్బంది ఉండదు. వినికిడి యంత్రం వాడేవారికీ ఇదే శబ్దం వినిపించవచ్చు. వారు స్పీకరు ఫోను వాడటం మేలు.

ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటాలో బరువును తెలిపే సంకేతం మిల్లీవోల్టులలో ఉంటుంది. రక్షణ కవచం సరిగా లేని కాటా పళ్లెం పక్కనే ఫోను ప్రసారం చేస్తే అంకె చలించే అవకాశం ఉంది. తూకం జరిగేటప్పుడు ఫోనును దూరంగా ఉంచడం రైతుకూ, కొనుగోలుదారుకూ మంచిది. ఆసుపత్రులలో ప్రాణరక్షక యంత్రాలున్న గదులలో సిబ్బంది సూచనలను తప్పక పాటించాలి. పెట్రోలు బంకుల వద్ద ఉన్న నిషేధాన్నీ గౌరవించాలి.

విమానయానానికి సంబంధించి 2022 నవంబరులో కేంద్రం ఐదు విమానాశ్రయాల (ఢిల్లీ, బెంగళూరు, నాగపూర్, పుణే, గువాహటి) రన్‌వేల చివరల నుంచి 2,100 మీటర్ల వరకు, మధ్యరేఖ నుంచి 910 మీటర్ల వరకు 3300–3670 మెగాహెర్ట్జ్ 5జి కేంద్రాలు నెలకొల్పరాదని ఆదేశించింది. విమానం ఎత్తును కొలిచే పరికరానికి అంతరాయం కలగకుండా తీసుకున్న చర్య ఇది. అక్కడ కూడా ఎంచుకున్న మార్గం దూరమే.

నెట్‌వర్కుకే అంతరాయం కలిగించే పరికరాలు

అంతరాయం ఒకవైపు నుంచే రాదు. మన ఇళ్లలోని కొన్ని పరికరాలు సెల్ నెట్‌వర్కునే దెబ్బతీస్తాయి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే కార్డ్‌లెస్ ఫోన్లు ఇందుకు ఉదాహరణ. అక్కడి ‘డెక్ట్ 6.0’ ఫోన్లు 1920–1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన దేశంలో 1920 నుంచి 1980 మెగాహెర్ట్జ్ వరకు సెల్‌ఫోన్ల నుంచి టవర్‌కు వెళ్లే సంకేతాలకు కేటాయించారు. ఒక ఇంట్లోని కార్డ్‌లెస్ ఫోను ఆ వీధివారి కాల్స్‌కు ఆటంకం కాగలదు. అక్కడి మరికొన్ని గృహోపకరణాలు వాడే 902–928 మెగాహెర్ట్జ్ బ్యాండు కూడా ఇక్కడి 2జి సంకేతాలతో ఢీకొంటుంది. అక్కడ చట్టబద్ధమైన పరికరం ఇక్కడ చట్టబద్ధం కాకపోవచ్చు.

సిగ్నల్ బూస్టర్లది ఇంకా తీవ్రమైన సమస్య. బలహీనమైన సిగ్నల్‌తో విసిగి కొందరు బజారులో దొరికే బూస్టరు బిగించుకుంటున్నారు. అది సంకేతంతో పాటు రొదనూ పెంచి టవర్‌కు పంపడం వల్ల చుట్టుపక్కల వినియోగదారులందరి కాల్స్ తెగిపోతాయి. 108కు చేయవలసిన కాల్ కూడా వాటిలో ఒకటి కావచ్చు. లైసెన్సు పొందిన టెలికాం సంస్థలు తప్ప ఇతరులు బూస్టర్లు కలిగి ఉండటం, అమ్మడం, వాడటం చట్టవిరుద్ధమని 2022 జులైలో టెలికమ్యూనికేషన్ల శాఖ స్పష్టం చేసింది. ప్రభుత్వ అనుమతి లేని జామర్లకూ ఇదే వర్తిస్తుందని తెలిపింది.

పాటించవలసిన జాగ్రత్తలు

– ఫోనును తలకు గట్టిగా అదిమి పట్టరాదు. ఇయర్‌ఫోను లేదా స్పీకరు వాడాలి.
– కాల్ కలిసిన తర్వాతే ఫోనును చెవి వద్దకు తీసుకోవాలి.
– సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట సంభాషణ క్లుప్తంగా ముగించాలి, లేదా సంక్షిప్త సందేశం పంపాలి.
– పిల్లల ఫోను వాడకాన్ని పరిమితం చేయాలి.
– పేస్‌మేకర్ ఉన్నవారు 15 సెంటీమీటర్ల దూరం పాటించాలి. తలతిరుగుడు, గుండెదడ అనిపిస్తే వెంటనే ఫోనును దూరం చేసి వైద్యుని సంప్రదించాలి.
– ఫోను కొనేటప్పుడు సార్ విలువ చూసుకోవాలి.

సందేహాల నివృత్తి

తమ ప్రాంతంలోని టవర్ నిబంధనలకు లోబడి ఉందో లేదో తెలుసుకోవడానికి 2017 మే 2న కేంద్రం ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌ను ప్రారంభించింది. నిర్ణీత రుసుముపై ఫలానా చోట వికిరణాన్ని కొలిపించుకునే సదుపాయాన్ని కూడా ఇందులో కల్పించారు. ప్రారంభంలో ఆ రుసుము 4,000 రూపాయలు. టవర్‌పై అభ్యంతరం వచ్చినప్పుడు వాదనలకు బదులు కొలతను ఆధారం చేసుకోవడం స్థానిక అధికారులకూ, వార్త రాసే పాత్రికేయులకూ సరైన మార్గం. అకారణంగా కాల్స్ తెగిపోతున్న వీధిలో బూస్టరు ఉందన్న అనుమానం కలిగితే టెలికాం సంస్థకు గానీ, టెలికమ్యూనికేషన్ల శాఖ ఆంధ్రప్రదేశ్ క్షేత్ర కార్యాలయానికి గానీ తెలియజేయవచ్చు.