బాణం వదిలే విద్య: బొటనవేలి నుంచి ట్రిగ్గర్ దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. ఇంజనీరుగా నాకు ఎంతో ఇష్టమైన ఒక చరిత్రను ఎంచుకున్నాను. విల్లు ఎక్కుపెట్టడం గురించి పురాణాల్లో చాలా విన్నాం, బాణం వదలడం గురించి విన్నది తక్కువ. గురి నిలిచేదీ తప్పేదీ అక్కడే.

ఏకలవ్యుడి కథ మనందరం చదువుకున్నదే. ద్రోణుడు బొటనవేలే ఎందుకు అడిగాడు? మంగోలులు, తురుష్కులు, చైనీయులు అల్లెతాడును బొటనవేలితోనే లాగేవారు. తాడు కోసుకోకుండా వేలికి ఉంగరం తొడిగేవారు. ఐరోపావారు మూడు వేళ్లతో లాగారు. 1885లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లోకంలోని ఇలాంటి పద్ధతులను ఐదు ముఖ్య రకాలుగా వర్గీకరించాడు. వేలు ఇచ్చాక ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో బాణాలు వేశాడనీ, మునుపటి వేగం రాలేదనీ భారతం చెబుతుంది. ఆ కథ చెప్పినవారికి విలువిద్య మర్మం బాగా తెలుసు.

1545లో ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు ఈ విద్యను ఐదు మెట్లుగా చెప్పాడు: నిలబడడం, బాణం తొడగడం, లాగడం, నిలపడం, వదలడం. నేటి కోచ్‌లు చెప్పేదీ దాదాపు ఇదే.

ఒక చిన్న లెక్క చూడండి. బాణం పొడవు సుమారు 70 సెంటీమీటర్లు. ఒలింపిక్ లక్ష్యం 70 మీటర్ల దూరం, అంటే వంద రెట్లు. వదిలే క్షణంలో బాణం తోక ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, లక్ష్యం దగ్గర తేడా 10 సెంటీమీటర్లు. పది పాయింట్ల వలయం వెడల్పే 12.2 సెంటీమీటర్లు! అందుకే వేళ్లను పనిగట్టుకుని తెరవకూడదు. వీపు కండరాలతో లాగుతూనే వేళ్లను సడలిస్తే తాడు తనంతట తానే జారిపోవాలి. బాణం తగిలేదాకా విల్లు పట్టిన చేయి దించకూడదు. దీన్ని సాధన చేయడానికి మొదట్లో లక్ష్యపు కాగితం తీసేసి, నాలుగైదు అడుగుల దూరం నుంచి గడ్డిమోపు మీదికి బాణాలు వేయిస్తారు. పాయింట్ల ధ్యాస పోతే శరీరం మీద ధ్యాస నిలుస్తుంది.

1969లో అమెరికాలో అలెన్‌కు కాంపౌండ్ విల్లు మీద పేటెంట్ వచ్చింది. కొసల్లోని చక్రాల వల్ల, పూర్తిగా లాగాక చేతి మీద బరువు బాగా తగ్గుతుంది. ఇందులో తాడును వదిలేది వేళ్లు కాదు, ట్రిగ్గర్ ఉన్న చిన్న పరికరం. అయినా ట్రిగ్గర్‌ను గబుక్కున నొక్కితే గురి తప్పినట్టే.

ఆ విల్లుతోనే విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. విజయవాడకే చెందిన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. భారత ఆర్చరీ ఒలింపిక్ సెమీఫైనల్ చేరడం అదే మొదలు.

మరి మన చీపురుపల్లి మాటేమిటి? మన ఉత్తరాంధ్ర కొండల్లో సవరలకు విల్లంబులు తరతరాల ఆస్తి. జాతీయ పోటీల్లో వెదురు విల్లుతో ఆడే 'ఇండియన్ రౌండ్' విభాగం ఉంది. దానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కావలసిందల్లా వెనుక ఎత్తైన మట్టిగట్టు ఉన్న భద్రమైన మైదానం, నేర్పే గురువు, ఓపిక. ఏకలవ్యుడికి దొరకనిది గురువే కదా! ఈ స్వర్ణోత్సవం గుర్తుగా మన బడి పిల్లలకు, కొండ ఊళ్ల పిల్లలకు కలిపి అలాంటి శిక్షణ ఒకటి మొదలుపెడదామని సంఘం పెద్దలకు, మన గురువులకు సవినయంగా మనవి చేస్తున్నాను.